క్యూఎములో వీఎంల నెట్‌వర్క్: పెట్టుకోవడం, తర్వాత విప్పి మళ్ళీ కట్టుకోవడం

క్యూఎము అంటే ఒక కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ని (వీఎం, వర్చువల్ మెషీన్) నడిపే ప్రోగ్రామ్. అందులో వీఎం లేపడం పెద్ద పనేం కాదు, డిస్క్ ఇమేజ్ చూపిస్తే బూట్ అయిపోతుంది. తలనొప్పంతా నెట్‌వర్క్ దగ్గరే. ఎక్కడో దొరికిన పాత కమాండ్ తెచ్చి అతికిస్తాం, ఎందుకో పనిచేస్తుంది, రెండో వీఎం పెట్టగానే ఎందుకో ఆగిపోతుంది, ఆ రెండు ఎందుకులకీ జవాబు తెలీదు. నేను కూడా చాలాకాలం అలాగే నెట్టుకొచ్చా. ఇప్పుడు కొత్త సెటప్ ఏది మొదలుపెట్టినా, పాతది మార్చినా ముందు ఒక కాగితం తీసుకుని ఎవరు ఎవరితో మాట్లాడాలి అన్నది గీసుకుంటా, గీత లేని చోట దారి ఉండకూడదు అని పెట్టుకుంటా, కమాండ్ సంగతి ఆ తర్వాతే.

ఒక మాట ముందే చెప్తున్నా, కమాండ్లన్నీ పలికినట్టు తెలుగు అక్షరాల్లో రాశా, టెర్మినల్లో ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టాలి. పేర్లు మాత్రం ఎక్కడా మార్చలేదు.

కార్డు ఒకటి కాదు, రెండు ముక్కలు

ఇది అర్థమైతే సగం గోల తగ్గిపోతుంది. క్యూఎములో నెట్‌వర్క్ అంటే రెండు వేరు వేరు ముక్కలు. ఒకటి గెస్ట్‌కి (వీఎం లోపలి సిస్టమ్‌కి) కనిపించే కార్డు, అంటే లోపలి ఓఎస్ డ్రైవర్ వేసుకునేది, ఇది మైనస్ డివైస్‌తో ఇస్తాం. ఇంకోటి హోస్ట్ (వీఎంలని నడిపే అసలు మెషీన్) వైపు, ఆ కార్డులోంచి వచ్చిన ప్యాకెట్లు ఎటు పోవాలో చెప్పేది, ఇది మైనస్ నెట్‌డెవ్, దీన్నే బ్యాకెండ్ అంటారు. రెంటినీ కలిపేది ఐడీ. ఇలా:

-నెట్‌డెవ్ యూజర్,ఐడీ=నెట్0
-డివైస్ వర్టియో-నెట్-పీసీఐ,నెట్‌డెవ్=నెట్0

ఇక్కడ ఐడీలో ఒక్క అక్షరం తప్పుకొట్టినా కార్డు తగులుకోదు. నెట్‌డెవ్ ఇచ్చి డివైస్ మర్చిపోతే మాత్రం వీఎం మామూలుగానే లేస్తుంది, టెర్మినల్లో ఒక మూల "నెట్‌డెవ్ నెట్0 హ్యాజ్ నో పీర్" అని ఒక్క లైను పడుతుంది, మనం దాన్ని చూడం, లోపల కార్డు ఎందుకు లేదా అని గెస్ట్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం. ఆ లైను కనిపిస్తే లోపలికి వెళ్ళి వెతకొద్దు, తప్పు బయట కమాండ్‌లోనే ఉంది.

పాత ఆర్టికల్స్‌లో మైనస్ నెట్ అని కనిపిస్తుంది కదా, దాని వెనక కథ వేరు. అందులో కార్డూ బ్యాకెండూ నేరుగా తగులుకోవు, రెండూ ఒక హబ్‌కి తగులుకుంటాయి. ఆ హబ్‌ని అప్పట్లో వీల్యాన్ అనేవాళ్ళు, నిజం స్విచ్‌ల మీద ఉండే వీల్యాన్‌తో దానికి సంబంధమే లేదు, ఆ పేరు పెట్టి ఎంతమందిని తికమక పెట్టారో. రెండు కార్డులూ రెండు బ్యాకెండ్లూ నంబర్ ఇవ్వకుండా మైనస్ నెట్‌తో పెడితే నాలుగూ ఒకే హబ్ మీద పడి, ఒకదాని ప్యాకెట్లు మిగతా అన్నిటికీ కాపీ అవుతాయి. విడిగా ఉన్నాయనుకున్న రెండు నెట్‌వర్క్‌లు చప్పుడు లేకుండా కలిసిపోతాయి. నెట్‌డెవ్ పద్ధతి 2009 చివర్లో 0.12 వెర్షన్‌తో వచ్చింది, 2018లో 2.12లో మైనస్ నిక్ అని రెండు ముక్కల్నీ ఒకే లైన్లో రాసుకునే షార్ట్‌కట్ వచ్చింది, అదే ఏడు 3.0లో ఆ వీల్యాన్ ఆప్షన్‌ని పీకేశారు. కాబట్టి మీకు దొరికిన కమాండ్‌లో వీల్యాన్=0 అని ఉంటే అది ఎంత పాతదో లెక్కేసుకుని పక్కన పడేయండి. ఒకటి రెండు వీఎంలకి నిక్ చాలు, తర్వాత మార్చుకునే ఉద్దేశం ఉంటే విడి విడిగా నెట్‌డెవ్, డివైస్ రాసుకోండి, మార్చేటప్పుడు ఒక్క ముక్కే ముట్టుకోవచ్చు.

ఇంకోటి, నెట్‌వర్క్ గురించి ఏమీ చెప్పకపోతే క్యూఎము తనంతట తానే ఒక కార్డు పెట్టి యూజర్ మోడ్‌కి తగిలిస్తుంది. ఏదో అనుమానం ఫైల్ టెస్ట్ చేయడానికి "నెట్ ఇవ్వలేదు కదా" అనే ధీమాతో వీఎం లేపితే దానికి శుభ్రంగా ఇంటర్నెట్ ఉంటుంది. నిజంగా వద్దంటే మైనస్ నిక్ నన్ అని నోరు తెరిచి చెప్పాల్సిందే.

యూజర్ మోడ్, చాలామందికి ఇదే చాలు

దీన్ని స్లర్ప్ అంటారు. 1990లలో డయలప్ షెల్ అకౌంట్ మీద ఇంటర్నెట్ వాడుకోడానికి రాసిన ప్రోగ్రామ్ అది, ఆ కోడే తర్వాత క్యూఎములోకి వచ్చింది. రూట్ పర్మిషన్ అక్కర్లేదు, హోస్ట్‌లో ఏమీ మార్చక్కర్లేదు, గెస్ట్ పంపిన కనెక్షన్‌ని క్యూఎము ప్రాసెస్సే విప్పి మామూలు సాకెట్‌గా బయటికి తెరుస్తుంది, బ్రౌజర్ కనెక్షన్ తెరిచినట్టే.

లోపల కనిపించే నెట్‌వర్క్ 10.0.2.0/24. గేట్‌వే 10.0.2.2, డీఎన్‌ఎస్ 10.0.2.3, గెస్ట్‌కి మొదట వచ్చే అడ్రస్ 10.0.2.15. రెండు వీఎంలు లేపినా రెంటికీ 10.0.2.15 వస్తుంది, అది చూసి ఐపీ కాన్‌ఫ్లిక్ట్ అనుకుని చాలామంది కంగారుపడతారు. కాన్‌ఫ్లిక్టూ లేదు ఏమీ లేదు, ఏ వీఎం ప్రపంచం దానిదే, వాటి మధ్య తీగే లేదు, అందుకే ఒకదాన్నించి ఇంకోదానికి పోలేరు కూడా.

బయటినుంచి లోపలికి రావాలంటే పోర్ట్ ఫార్వర్డ్ పెట్టాలి:

-నెట్‌డెవ్ యూజర్,ఐడీ=నెట్0,హోస్ట్‌ఫార్వర్డ్=టీసీపీ:127.0.0.1:2222-:22

ఆప్షన్ పేరు అసలు స్పెల్లింగ్‌లో కుదించి ఉంటుంది, హోస్ట్ తర్వాత ఎఫ్, డబ్ల్యూ, డీ, అంతే. ఇది పెట్టాక హోస్ట్‌లో 2222 పోర్ట్‌కి ఎస్‌ఎస్‌హెచ్ కొడితే గెస్ట్ 22కి పోతుంది. అందరూ ఆ 127.0.0.1 వదిలేసి టీసీపీ తర్వాత రెండు కోలన్లు పెట్టి రాస్తారు, అలా రాస్తే హోస్ట్‌కున్న అన్ని ఇంటర్‌ఫేస్‌ల మీదా పోర్ట్ తెరుచుకుంటుంది, మీ వైఫైలో ఉన్న వాళ్ళంతా ఆ వీఎం తలుపు తట్టొచ్చు. పాస్‌వర్డ్ టెస్ట్ అని పెట్టుకున్న వీఎం అయితే ఇక చెప్పేదేముంది.

ఫార్వర్డ్ పెట్టినా పేజీ రావట్లేదు అన్నది తరచూ వినే కంప్లైంట్. నూటికి తొంభై సార్లు కారణం ఏంటంటే, గెస్ట్ లోపల మీ సర్వర్ 127.0.0.1 మీద వింటోంది, ఫార్వర్డ్ అయిన కనెక్షన్ వచ్చేది 10.0.2.15కి. సర్వర్‌ని 0.0.0.0 మీద వినమనండి, అయిపోతుంది. ఇక హోస్ట్ వైపు 1024 కంటే తక్కువ పోర్ట్ అడిగితే లైనక్స్ మామూలు యూజర్‌కి ఒప్పుకోదు, 80 బదులు 8080 పెట్టుకోండి.

పింగ్ గురించి కూడా ఒక మాట. యూజర్ మోడ్‌లో 10.0.2.2కి పింగ్ పోతుంది, బయటికి పోకపోవచ్చు, అది చూసి నెట్ లేదని తేల్చేయకండి. స్లర్ప్ మోసేది టీసీపీ యూడీపీలని, ఐసీఎంపీ (పింగ్ వాడేది) బయటికి పోవాలంటే లైనక్స్ హోస్ట్‌లో పింగ్ గ్రూప్ రేంజ్ అనే సిస్‌సీటీఎల్ (కెర్నెల్) సెట్టింగ్ మీ గ్రూప్‌ని అనుమతించాలి. టెస్ట్ చేయాలంటే కర్ల్ కొట్టండి.

తిరగేసి చూస్తే 10.0.2.2 అంటే హోస్టే. హోస్ట్‌లో 127.0.0.1 మీద మాత్రమే వింటున్న డేటాబేస్ కూడా గెస్ట్‌కి 10.0.2.2లో దొరుకుతుంది, డెవలప్‌మెంట్‌కి హాయి, నమ్మకం లేని గెస్ట్‌కి ప్రమాదం. నమ్మకం లేకపోతే రెస్ట్రిక్ట్=ఆన్ పెట్టండి, అప్పుడు గెస్ట్ హోస్ట్‌కీ పోలేదు బయటికీ పోలేదు, మీరు రాసిన ఫార్వర్డ్‌లు మాత్రం పనిచేస్తాయి.

ఆఫీసు వీపీఎన్ కూడా 10.0.2 రేంజే వాడుతుంటే గెస్ట్ నుంచి అక్కడి మెషీన్లు దొరకవు, ఎందుకంటే గెస్ట్ వాటిని పక్కింట్లో ఉన్నాయనుకుని గేట్‌వేకి పంపదు. నెట్=10.0.77.0/24 అని రేంజ్ మార్చేస్తే సరి. ఇంకా, 7.2 వెర్షన్ నుంచి స్లర్ప్ కోడ్ క్యూఎముతో పాటు రావట్లేదు, విడి లైబ్రరీ అయింది, సోర్స్ నుంచి బిల్డ్ చేసేవాళ్ళు ఆ లైబ్రరీ డెవలప్‌మెంట్ ప్యాకేజీ వేయకుండా బిల్డ్ చేస్తే యూజర్ బ్యాకెండ్ కంపైల్ అవలేదు అని ఎర్రర్ వస్తుంది, అది మీ కమాండ్ తప్పు కాదు.

వీఎంలు ఒకదాంతో ఒకటి మాట్లాడాలంటే

రూట్ లేకుండా రెండు మూడు వీఎంలని కలపాలంటే సాకెట్ బ్యాకెండ్ ఉంది. ప్రతి వీఎంకీ ఇది ఇస్తే చాలు:

-నెట్‌డెవ్ సాకెట్,ఐడీ=ల్యాన్0,ఎంకాస్ట్=230.0.0.1:1234

ఒకే అడ్రస్, పోర్ట్ ఇచ్చినవన్నీ ఒకే స్విచ్‌కి తగిలినట్టు ఉంటాయి. అక్కడ డీహెచ్‌సీపీ ఇచ్చేవాడు ఎవడూ లేడు కాబట్టి ఐపీలు మీరే చేత్తో పెట్టుకోవాలి. చిన్న ల్యాబ్‌కి బాగుంటుంది, స్పీడ్ ఆశించొద్దు.

ఇక్కడే నేను ఒక రాత్రంతా పోగొట్టుకున్నా. రెండు వీఎంలు, రెండు వేరే వేరే ఐపీలు, పింగ్ ఒకసారి పోతుంది, పది సెకన్లు పోదు, మళ్ళీ రెండు పోతాయి. ఫైర్‌వాల్ ఆపా, డ్రైవర్ మార్చా, గెస్ట్‌ని మళ్ళీ ఇన్‌స్టాల్ చేశా. తెల్లారబోతుండగా రెండు విండోలూ పక్కపక్కన పెట్టి ఐపీ ఎడ్రస్ అవుట్‌పుట్ చూస్తే రెండిట్లోనూ 52:54:00:12:34:56. మ్యాక్ (కార్డు గుర్తింపు అడ్రస్) ఇవ్వకపోతే క్యూఎము ఎప్పుడూ ఇదే మొదలుపెడుతుంది, ఒకే వీఎంలో రెండో కార్డుకి చివర 57 ఇస్తుంది కానీ, పక్కన ఇంకో క్యూఎము ప్రాసెస్ నడుస్తోందని దానికెలా తెలుస్తుంది. యూజర్ మోడ్‌లో ఇన్నాళ్ళూ పట్టింపు లేదు కాబట్టి నా కంట పడలేదు. అప్పట్నుంచి డివైస్ లైన్లో మ్యాక్ రాయకుండా వీఎం లేపను. 52:54:00 అలా ఉంచి చివరి మూడు జతలు మీ ఇష్టం, నేను వీఎం నంబర్, కార్డు నంబర్ అందులోనే పెట్టుకుంటా, 52:54:00:00:03:02 అంటే మూడో వీఎం రెండో కార్డు, డంప్ చూసేటప్పుడు కళ్ళకే తెలిసిపోతుంది.

ట్యాప్, బ్రిడ్జ్

సీరియస్ సెటప్ అంటే ఇదే. ట్యాప్ అంటే హోస్ట్ కెర్నెల్‌లో ఒక ఉత్తుత్తి కార్డు, దాని ఒక కొస క్యూఎము చేతిలో ఉంటుంది. బ్రిడ్జ్ అంటే కెర్నెల్ లోపలి స్విచ్. ట్యాప్‌ని తీసుకెళ్ళి బ్రిడ్జ్‌కి గుచ్చుతాం, అంతే.

ఐపీ లింక్ యాడ్ బీఆర్0 టైప్ బ్రిడ్జ్
ఐపీ టన్‌ట్యాప్ యాడ్ డెవ్ ట్యాప్0 మోడ్ ట్యాప్ యూజర్ మీయూజర్
ఐపీ లింక్ సెట్ ట్యాప్0 మాస్టర్ బీఆర్0
ఐపీ లింక్ సెట్ బీఆర్0 అప్
ఐపీ లింక్ సెట్ ట్యాప్0 అప్

ఇవి రూట్‌గా ఒకసారి చేస్తే, ఆ యూజర్ అన్నచోట మీ పేరు ఇచ్చారు కాబట్టి క్యూఎముని రూట్‌గా నడపక్కర్లేదు:

-నెట్‌డెవ్ ట్యాప్,ఐడీ=నెట్0,ఐఎఫ్‌నేమ్=ట్యాప్0,స్క్రిప్ట్=నో,డౌన్‌స్క్రిప్ట్=నో

స్క్రిప్ట్=నో పెట్టకపోతే క్యూఎము తన డిఫాల్ట్ ఇఫప్ స్క్రిప్ట్ కోసం వెతుక్కుంటుంది, అది లేక ఆగిపోతుంది, ఉంటే మీరు చేసినదాన్ని చెడగొట్టొచ్చు.

ఇప్పుడు బ్రిడ్జ్‌కి బయటి దారి ఎలా ఇవ్వాలి అన్నది రెండు రకాలు. హోస్ట్ అసలు కార్డుని కూడా బ్రిడ్జ్‌కి గుచ్చితే వీఎంలు మీ రౌటర్ దగ్గరే ఐపీ తెచ్చుకుంటాయి, పక్కనున్న ఇంకో కంప్యూటర్ లాగే. లేదా బ్రిడ్జ్‌కి ఒక ఐపీ ఇచ్చి హోస్ట్‌లో న్యాట్ (వీఎంల ప్యాకెట్లని హోస్ట్ తన అడ్రస్‌తో బయటికి పంపడం) పెట్టొచ్చు. హోస్ట్ వైఫై మీద ఉంటే మొదటి రకం మర్చిపోండి, యాక్సెస్ పాయింట్ తనకి కనెక్ట్ అయిన మ్యాక్ అడ్రస్‌నే గుర్తిస్తుంది, వెనక వీఎంల మ్యాక్‌లతో వచ్చిన ఫ్రేమ్‌లని పట్టించుకోదు, ఎన్ని గంటలు కుస్తీ పట్టినా న్యాట్ దగ్గరికే వస్తారు.

కేబుల్ మీదున్న కార్డుని బ్రిడ్జ్‌కి గుచ్చేటప్పుడు జాగ్రత్త. గుచ్చిన మరుక్షణం ఆ కార్డు మీదున్న ఐపీ పనికిరాకుండా పోతుంది, ఐపీ బ్రిడ్జ్ మీదకి మారాలి. నేను దూరంగా ఉన్న సర్వర్ మీద ఎస్‌ఎస్‌హెచ్‌లో కూర్చుని ఒక్కో లైన్ కొట్టుకుంటూ పోయా, మాస్టర్ అన్న లైన్ ఎంటర్ కొట్టాక కర్సర్ అక్కడే బిగుసుకుపోయింది. కూర్చున్న కొమ్మనే నరుక్కోవడం అంటే అచ్చంగా అదే. ఇప్పుడు చేసే పద్ధతి ఏంటంటే, లైన్లన్నీ ఒక స్క్రిప్ట్‌లో పెట్టి, ముందు షట్‌డౌన్ మైనస్ ఆర్ ప్లస్ 5 కొట్టి, ఆ తర్వాత స్క్రిప్ట్ నడుపుతా. బాగుంటే షట్‌డౌన్ మైనస్ సీతో రద్దు చేస్తా, తెగిపోతే ఐదు నిమిషాలకి అదే రీబూట్ అయి పాత స్థితికి వస్తుంది, ఐపీ కమాండ్‌తో చేసినవేవీ రీబూట్ దాటి బతకవు కదా. అన్నీ కుదిరాకే కాన్ఫిగ్ ఫైల్లో రాస్తా.

డాకర్ (కంటైనర్లు నడిపే ప్రోగ్రామ్) ఉన్న హోస్ట్‌లో ఇంకో చిక్కు ఉంది, ఇది తెలీక జుట్టు పీక్కున్నవాళ్ళు చాలామంది. డాకర్ హోస్ట్ ఫైర్‌వాల్‌లో ఫార్వర్డ్ చైన్ (ఒక చోట నుంచి ఇంకో చోటికి దాటే ప్యాకెట్ల రూల్స్ వరస) పాలసీని డ్రాప్‌గా పెడుతుంది, అంటే అనుమతి లేనివన్నీ పారేస్తుంది, పైగా బ్రిడ్జ్ నెట్‌ఫిల్టర్ మాడ్యూల్ లోడ్ అయి ఉంటే బ్రిడ్జ్ లోపలే తిరిగే ఐపీ ప్యాకెట్లు కూడా ఆ చైన్ గుండా పోతాయి. ఎలా కనిపిస్తుందంటే, ఏఆర్‌పీ టేబుల్లో (ఏ ఐపీకి ఏ మ్యాక్ అన్న జాబితా) అవతలి వీఎం మ్యాక్ చక్కగా వచ్చి ఉంటుంది, పింగ్ మాత్రం రాదు, ఎందుకంటే ఏఆర్‌పీ ఐపీ ప్యాకెట్ కాదు కాబట్టి దాన్ని ఆ రూల్ ముట్టుకోదు. మ్యాక్ తెలిసి పింగ్ రాకపోతే వెంటనే ఫైర్‌వాల్ వైపు చూడండి. డాకర్-యూజర్ అనే చైన్‌లో మీ బ్రిడ్జ్‌కి అనుమతి రూల్ రాయడం నాకు నచ్చిన దారి, బ్రిడ్జ్ ఐపీటేబుల్స్ సిస్‌సీటీఎల్‌ని 0 చేసినా పోతుంది కానీ అది హోస్ట్ మొత్తానికీ వర్తిస్తుంది, డాకర్ వాళ్ళ నెట్‌వర్కింగ్‌కి కూడా.

ఒక్కో ట్యాప్ చేత్తో చేయడం విసుగనిపిస్తే బ్రిడ్జ్ అనే బ్యాకెండ్ ఉంది, క్యూఎముతో వచ్చే బ్రిడ్జ్ హెల్పర్ ట్యాప్ తానే చేసి గుచ్చుతుంది, ఈటీసీ కింద క్యూఎము ఫోల్డర్లో బ్రిడ్జ్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్లో అలో బీఆర్0 అని ఒక లైన్ రాయాలి, ఆ హెల్పర్‌కి సెట్‌యూఐడీ (రూట్ హక్కులతో నడిచే అనుమతి) ఉండాలి. మ్యాక్ ఓఎస్‌లో ఉన్నవాళ్ళకి ట్యాప్ గోల లేదు, 7.1 నుంచి వీఎంనెట్ షేర్డ్, బ్రిడ్జ్డ్, హోస్ట్ అని మూడు బ్యాకెండ్లు వచ్చాయి.

కార్డు మోడల్ సంగతి రెండు ముక్కల్లో చెప్తా. వర్టియో (వీఎంల కోసమే చేసిన కార్డు రకం) వాడండి. లైనక్స్‌లో డ్రైవర్ ఉండనే ఉంటుంది, విండోస్‌కి వర్టియో-విన్ ఐఎస్‌ఓ నుంచి వేసుకోవాలి, అది వేసేదాకా ఈ1000ఈతో నడపండి. బాగా పాత ఓఎస్‌లకి ఆర్‌టీఎల్8139 ఉంది. ట్యాప్ మీద లోడ్ ఎక్కువైతే వీహోస్ట్=ఆన్ ఇవ్వండి, ప్యాకెట్లు మోసే పని క్యూఎము నుంచి కెర్నెల్‌కి పోతుంది.

ఉన్న సెటప్‌ని మార్చడం

ఇప్పుడు అసలు విషయం. మూడు వీఎంలు ఉన్నాయనుకుందాం, వెబ్, డేటాబేస్, ఇంకోటి టెస్టులకి. మొదట్లో తొందరలో మూడింటినీ బీఆర్0కి గుచ్చేశాం, అన్నీ రౌటర్ దగ్గరే ఐపీ తెచ్చుకుంటున్నాయి, అంటే డేటాబేస్ పోర్ట్ నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి ఫోన్‌కీ కనిపిస్తోంది. మారుద్దాం అనుకున్నప్పుడు కాగితం మీద గీతలు ఇవి: బయట నుంచి వెబ్‌కి, వెబ్ నుంచి డేటాబేస్‌కి, హోస్ట్ నుంచి మూడింటికీ ఎస్‌ఎస్‌హెచ్. డేటాబేస్ నుంచి బయటికి గీత లేదు, నెలకోసారి అప్‌డేట్లకి తప్ప. టెస్ట్ వీఎంకి హోస్ట్‌తో తప్ప ఇంకెవరితోనూ పనిలేదు, దాన్ని యూజర్ మోడ్‌కి తిప్పి పంపేయొచ్చు.

కాబట్టి రెండో బ్రిడ్జ్ కావాలి, బీఆర్1, దీనికి అసలు కార్డు ఏదీ గుచ్చం. రేంజ్ 10.10.20.0/24, హోస్ట్‌కి అందులో 10.10.20.1. రేంజ్ ఎంచుకునేటప్పుడు 192.168.122 జోలికి పోకండి, లిబ్‌వర్ట్ (వీఎంలని నిర్వహించే టూల్) డిఫాల్ట్ నెట్‌వర్క్ అదే, వీఎం లోపల ఇంకో వీఎం పెట్టిన రోజున లోపలా బయటా అదే రేంజ్ అయి కూర్చుంటుంది. వెబ్‌కి రెండు కార్డులు, ఒకటి బీఆర్0కి ఒకటి బీఆర్1కి. డేటాబేస్‌కి బీఆర్1 మాత్రమే.

వరస ముఖ్యం. అన్నీ ఒకేసారి మార్చి లేపితే ఏది చెడిందో తెలీదు. నేను ముందు బీఆర్1 చేసి, వెబ్‌కీ డేటాబేస్‌కీ రెండో కార్డు అదనంగా పెడతా, పాత దారి అలాగే ఉంచి. కొత్త దారిలో వెబ్ (10.10.20.11) నుంచి డేటాబేస్ (10.10.20.10)కి పింగ్, తర్వాత డేటాబేస్ కనెక్షన్ కుదిరాక అప్లికేషన్ కాన్ఫిగ్‌లో అడ్రస్ మారుస్తా. రెండు రోజులు నడవనిచ్చి, అప్పుడు డేటాబేస్ పాత కార్డు లింక్ క్యూఎము మానిటర్ (నడుస్తున్న వీఎంకి కమాండ్లు ఇచ్చే చోటు) నుంచి దించుతా, సెట్_లింక్ నెట్0 ఆఫ్ అని. ఇది కేబుల్ పీకినట్టే, ఎవరైనా గగ్గోలు పెడితే ఆన్ అంటే వెంటనే తిరిగొస్తుంది. ఎవరూ అరవకపోతే అప్పుడు కమాండ్ లోంచి తీసేస్తా. మానిటర్‌లోకి వెళ్ళడానికి గ్రాఫిక్ విండోలో కంట్రోల్ ఆల్ట్ 2, నోగ్రాఫిక్‌లో కంట్రోల్ ఏ కొట్టి సీ.

కార్డు కలిపినా తీసినా గెస్ట్‌లో ఇంటర్‌ఫేస్ పేరు మారిపోయే ప్రమాదం ఉంది. లైనక్స్ ఆ పేరు పీసీఐ స్లాట్ చూసి పెడుతుంది, పాత పీసీ మెషీన్ టైప్‌లో మొదటి కార్డు సాధారణంగా ఈఎన్‌ఎస్3 అవుతుంది, మీరు దానికి ముందు లైన్లో ఇంకో డివైస్ రాస్తే అది కాస్తా ఈఎన్‌ఎస్4 అయిపోతుంది, నెట్‌ప్లాన్ ఫైల్లో (గెస్ట్ నెట్‌వర్క్ సెట్టింగ్‌లు ఉండేది) మాత్రం 3 అనే ఉంటుంది, గెస్ట్ మూగబోతుంది. మెషీన్ టైప్‌ని క్యూ35కి (పీసీఐఈ ఉన్న కొత్త రకం) మార్చినా ఇదే గతి. అందుకే ప్రతి డివైస్‌కీ స్లాట్ నంబర్ యాడర్=5 లాగా చేత్తో ఇవ్వడం, లేదా గెస్ట్‌లో పేరు బదులు మ్యాక్ చూసి కాన్ఫిగ్ చేయడం, ఏదో ఒకటి మార్పు మొదలుపెట్టక ముందే చేసుకోండి. విండోస్ అయితే స్లాట్ మారగానే కొత్త కార్డు అనుకుని ఈథర్‌నెట్ 2 అని పెట్టి, పాత స్టాటిక్ ఐపీని కనపడని పాత కార్డు దగ్గరే ఉంచేస్తుంది. మ్యాక్ మాత్రం మార్చకండి, రౌటర్లో దానికి కట్టిపెట్టిన ఐపీ అలాగే వస్తుంది.

నడుస్తున్న వీఎంకే కార్డు కలపాలంటే మానిటర్లో నెట్‌డెవ్_యాడ్, తర్వాత డివైస్_యాడ్. క్యూ35లో మొదటిసారి ఇది చేసినవాళ్ళకి పీసీఐఈ డాట్ 0 బస్ హాట్‌ప్లగ్ సపోర్ట్ చేయదు అని ఎర్రర్ వస్తుంది, వీఎం లేపేటప్పుడే ఒకటి రెండు ఖాళీ పీసీఐఈ రూట్ పోర్ట్‌లు పెట్టుకుని ఉంటే ఆ పోర్ట్ పేరు బస్ కింద ఇచ్చి గుచ్చొచ్చు, ముందు పెట్టలేదా, ఆపి లేపాల్సిందే.

వెబ్‌కి రెండు కార్డులయ్యాయి కదా, గేట్‌వే ఒక్కదానికే ఉండాలి. బీఆర్1 వైపు కార్డుకి ఐపీ, మాస్క్ ఇచ్చి ఆపేయండి, గేట్‌వే గడి ఖాళీ. రెండు డిఫాల్ట్ రూట్లు పడితే వచ్చిన రిక్వెస్ట్‌కి జవాబు ఇంకో దారిన పోయి పేజీ ఒకసారి తెరుచుకుని ఒకసారి వేలాడుతుంది.

చాలామంది చూడని కన్నం ఒకటుంది. బీఆర్1కి కేబుల్ లేదు కాబట్టి డేటాబేస్ బయటికి పోలేదు అని నిశ్చింతగా ఉంటాం, కానీ హోస్ట్‌కి రెండు బ్రిడ్జ్‌ల మీదా ఐపీ ఉంది, ఐపీ ఫార్వర్డింగ్ 1 అయి ఉంటే హోస్టే రౌటర్ అయిపోతుంది, డాకర్ వేసినప్పుడు అది దానంతట అదే 1 అవుతుంది. డేటాబేస్ వీఎంలోకి దూరినవాడు గేట్‌వే 10.10.20.1 అని పెట్టుకుంటే చాలు, ఫైర్‌వాల్‌లో ఏదీ ఆపకపోతే మీ ల్యాన్ వైపు ప్యాకెట్లు పంపగలడు. హోస్ట్ ఫైర్‌వాల్‌లో బీఆర్1 నుంచి వచ్చి వేరే ఇంటర్‌ఫేస్‌కి ఫార్వర్డ్ అయ్యేవన్నీ డ్రాప్ అని ఒక రూల్ రాయండి, లేదా బీఆర్1 మీద హోస్ట్‌కి ఐపీయే ఇవ్వకండి, అప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ వెబ్ మీదుగా పోవాలి. నేను రూల్ రాసుకున్నా.

అప్‌డేట్ల గీత మిగిలింది. దానికి డేటాబేస్‌కి యూజర్ మోడ్ కార్డు ఇంకోటి పెట్టి, వీఎం లేవగానే మానిటర్లో దాని లింక్ ఆఫ్ చేసి ఉంచుతా. నెలకోసారి ఆన్, అప్‌డేట్లు, మళ్ళీ ఆఫ్. లేచినప్పుడు లింక్ ఆన్‌లోనే ఉంటుందని గుర్తుంచుకోండి, నేను వీఎం లేపే స్క్రిప్ట్‌లోనే మానిటర్ సాకెట్‌కి ఆఫ్ కమాండ్ పంపే లైన్ పెట్టుకున్నా.

లిబ్‌వర్ట్ వాడేవాళ్ళకి ఇదంతా ఎక్స్‌ఎంఎల్‌లో ఉంటుంది, వర్ష్ నెట్-ఎడిట్ చేశాక నెట్-డిస్ట్రాయ్, నెట్-స్టార్ట్ కొట్టాలి. డిస్ట్రాయ్ అన్న మాట చూసి భయపడకండి, నెట్‌వర్క్‌ని ఆపుతుంది, డెఫినిషన్ పోదు. అయితే ఆ సమయంలో నడుస్తున్న వీఎంల కనెక్షన్ తెగుతుంది, వాటిని ఆపి లేపేంత టైం చూసుకుని చేయండి.

పనిచేయకపోతే

కింద నుంచి పైకి రండి. మానిటర్లో ఇన్ఫో నెట్‌వర్క్ కొడితే ఏ కార్డు ఏ బ్యాకెండ్‌కి తగిలిందో చూపిస్తుంది, ముందు అదే కాగితంతో పోల్చండి. యూజర్ మోడ్ అయితే ఇన్ఫో యూజర్‌నెట్ ఫార్వర్డ్‌లన్నీ చూపిస్తుంది. ఆ తర్వాత గెస్ట్‌లో లింక్ అప్‌లో ఉందా, ఐపీ ఉందా, గేట్‌వే మ్యాక్ తెలుస్తోందా, ఆ తర్వాతే డీఎన్‌ఎస్. హోస్ట్‌లో బ్రిడ్జ్ లింక్ అని కొడితే ఏ ట్యాప్ ఏ బ్రిడ్జ్‌కి ఉందో వస్తుంది, బీఆర్1కి పోవాల్సిన ట్యాప్ బీఆర్0లో ఉండటం నాకు రెండుసార్లు జరిగింది.

ఇంకా తేలకపోతే ప్యాకెట్లే చూడాలి:

-ఆబ్జెక్ట్ ఫిల్టర్-డంప్,ఐడీ=ఎఫ్1,నెట్‌డెవ్=నెట్0,ఫైల్=నెట్0.పీక్యాప్

ఈ ఫైల్ వైర్‌షార్క్‌లో తెరవొచ్చు, గెస్ట్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. వీహోస్ట్ ఆన్ ఉంటే మాత్రం ఇది కుదరదు, ప్యాకెట్లు క్యూఎము చేతుల మీదుగా పోవట్లేదు కదా, అప్పుడు హోస్ట్‌లో ట్యాప్ మీదే టీసీపీడంప్ పెట్టండి. ట్యాప్ మీద ప్యాకెట్ కనిపించి బ్రిడ్జ్ అవతల ట్యాప్ మీద కనిపించకపోతే తప్పు హోస్ట్‌ది, రెండు చోట్లా కనిపించి జవాబు రాకపోతే గెస్ట్‌ది, ఈ ఒక్క చూపుతోనే వెతికే చోటు సగం అవుతుంది.

అన్నీ కుదిరాక పాత ట్యాప్‌లు ఐపీ లింక్ డిలీట్‌తో తీసేయండి, లేకపోతే ఆరు నెలల తర్వాత ఆ ట్యాప్2 దేనిదో ఎవరికీ గుర్తుండదు. బ్రిడ్జ్‌లు, ట్యాప్‌లు సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీలోనో మీ డిస్ట్రో వాడే దాంట్లోనో, ఫైర్‌వాల్ రూల్ ఫైర్‌వాల్ కాన్ఫిగ్‌లో రాసేసి, వీఎంలు నడుస్తుండగా కాదు, ఆపేసి, హోస్ట్‌ని ఒకసారి రీబూట్ చేసి మూడు వీఎంలూ లేచి కాగితం మీది గీతల్లాగే మాట్లాడుకుంటున్నాయో లేదో చూసుకోండి, గీత లేని చోట కూడా ఒకసారి కొట్టి చూడండి, అక్కడ టైమవుట్ రావాలి.